నీళ్ల మీద రంగుల తెట్టు కనిపిస్తే బీచ్‌లో దిగొచ్చా?

కర్నూలు నుంచి పిల్లాపాపలతో సూర్యలంక వెళ్లే వాళ్లు అడిగిన ప్రశ్న ఇది. రంగులు కనిపించిన ప్రతి తెట్టూ నూనె కాదు. పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా విరిగి, ముక్కలు విడివిడిగానే ఉండిపోతే అది ఇనుము బాక్టీరియా పొర. నదుల పక్కన నిలవ మడుగుల్లోనూ ఉంటుంది, హాని చేయదు. చెదిరి, సుళ్లు తిరిగి మళ్లీ కలిసిపోతే డీజిలో, ఇంజిన్ ఆయిలో అనుకోండి. వాసన కూడా పట్టిస్తుంది. అప్పుడు మాత్రం దిగొద్దు.

ఇసుకలో నల్లటి తారు ఉండలు కాలికి అంటుకుంటే కంగారు పడి పెట్రోలు, కిరోసిన్ పూయకండి. కాస్త వంటనూనె రాసి తుడిచి, సబ్బుతో కడిగితే చాలు.

నన్నడిగితే నూనె కన్నా మురుగుకే ఎక్కువ భయపడాలి, ఎందుకంటే అది కంటికి కనపడదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం స్నానానికి పనికొచ్చే సముద్రపు నీటిలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫారం బాక్టీరియా (నీళ్లలో మలం కలిసిందని పట్టిచ్చే సూక్ష్మజీవులు) 100 దాటకూడదు. నదుల్లో 500 లోపు ఉంటే మంచిది, 2,500 మించితే స్నానానికి పనికిరాదు. హంద్రీ మన ఊరి మురుగు మోసుకొచ్చి తుంగభద్రలో కలిసే చోటు చూసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బీచ్‌లోనూ అంతే: కాలువ కలిసే చోటుకు దూరంగా ఉండండి, గట్టి వాన పడ్డాక ఒకట్రెండు రోజులు ఆగండి. పిల్లలు ఆడుతూ నీళ్లు మింగేస్తారు కదా, వాంతులు, విరేచనాలు ముందు వాళ్లకే వస్తాయి.