తాతయ్య కంప్యూటర్ విప్పేముందు

సికింద్రాబాద్

చిరంజీవి చిన్నికి బాబాయి ఆశీస్సులు.

తాతయ్య పాత కంప్యూటర్లో నెట్‌వర్క్ కార్డు పెట్టిన దగ్గర్నుంచి పాట రావడం లేదు, ప్లే నొక్కగానే మెషీన్ మొత్తం బిగుసుకుపోతోంది, సౌండ్ కార్డు కాలిపోయిందేమో అని నిన్న ఫోన్లో కంగారు పడ్డావు. కాలిపోలేదమ్మా. కొత్త కార్డు పీకేస్తే మళ్లీ పాట వస్తోందని నువ్వే అన్నావు. కాలిన కార్డు అలా లేచి కూర్చోదు. ఒక ఒరలో రెండు కత్తులు దూర్చాం, అదీ సంగతి. ఫోన్లో చెబితే అంకెలు జారిపోతాయని ఉత్తరం రాస్తున్నాను.

కార్డుల కంటే ముందు హార్డ్ డిస్క్ సంగతి చూడు. వెడల్పాటి పట్టీ కేబుల్‌తో ఉండే ఇలాంటి పాత రకం ఐడీఈ డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ ఒకటి కొనుక్కో. కరెంటుకి దానికి విడిగా ప్లగ్ ఉండాలి, అది చూసి తీసుకో. డిస్క్ ఊడదీసి, నీ లాప్‌టాప్‌కి తగిలించి, ఉన్నది ఉన్నట్టు మొత్తం కాపీ చేసెయ్. ఫాంట్స్ ఫోల్డర్ మర్చిపోకు. మా నాన్నగారు, అంటే మీ తాతయ్య, రాసుకున్నవన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌కి ముందు కాలపు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే మన అక్షరాల ముక్కలు పెట్టుకున్నాయి. ఆ ఫాంటు లేని మెషీన్‌లో అదే ఫైలు పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అందుకే ఫైళ్లు దక్కితే సరిపోదు, ఆ మెషీన్ కూడా బతికి ఉండాలని నా పట్టుదల. కాపీ అయ్యేదాకా స్క్రూడ్రైవర్ ఇంకో పనికి ముట్టుకోకు.

ఇక తగువు ఎక్కడుందో చెబుతాను. ఏ కార్డుకైనా పని పడితే ప్రాసెసర్‌ని పిలవాలి. ఆ పిలుపు వెళ్లే తీగనే ఐఆర్‌క్యూ అంటాం. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో అవి ఎనిమిదే. 1984లో ఐబీఎం ఏటీ మోడల్‌కి ఈ పిలుపులు అందుకునే రెండో చిప్ కలిపి పదహారు చేశారు. ఆ రెండో చిప్‌ని మొదటిదానికి కట్టడానికే 2వ నంబరు ఖర్చయింది. మిగిలిన పదిహేనులో టైమర్‌కి 0, కీబోర్డుకి 1, ఫ్లాపీకి 6, గడియారానికి 8, లెక్కల కోప్రాసెసర్‌కి 13, హార్డ్ డిస్క్, సీడీ డ్రైవులకి 14, 15 ముందే రాసిపెట్టి ఉన్నాయి. గుండ్రటి పిన్ను మౌస్‌ది 12, ప్రింటర్‌ది 7, మౌస్, మోడెమ్ లాంటివి తగిలించే కామ్ 1, కామ్ 2 పోర్టులవి వరసగా 4, 3. చివరికి చేతిలో మిగిలేవి 5, 9, 10, 11. సౌండ్ కార్డు అలవాటుగా 5లో కూర్చుంటుంది. నువ్వు డబ్బాలోంచి తీసిన నెట్‌వర్క్ కార్డు కూడా అక్కడే కూర్చుందని నా అనుమానం. పొడుగ్గా నల్లగా ఉండే స్లాట్లు ఐఎస్ఏ అనే పాత రకానివి, వాటిలో ఇద్దరికి ఒకే తీగ కుదరదు. ఇద్దరూ ఒకేసారి పిలిస్తే ఒక పిలుపు పోతుంది. పొట్టిగా తెల్లగా ఉండే, తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్ల వాళ్లు మాత్రం పంచుకోగలరు. అందుకే విండోస్‌లో కార్డుల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఒకే నంబరు ఎదురుగా ‘ఐఆర్‌క్యూ హోల్డర్ ఫర్ పీసీఐ స్టీరింగ్’ అని ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకు, దాన్ని తీసెయ్యాలని చూడకు.

1998లో పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర మెషీన్లు బిగించే పనిలో ఉన్నప్పుడు, ఒకాయన కంప్యూటర్ తెచ్చారు. ఇంటర్నెట్‌కి డయల్ చెయ్యగానే మౌస్ ఆగిపోతోంది. నేను మోడెమ్ చెడిందని తేల్చి మార్చాను. రెండోదీ అంతే. దాన్నీ మార్చి మూడోది పెట్టాను. రెండు రోజులు ఆయన్ని తిప్పాక, రాత్రి ఒక్కణ్ణే కూర్చుని నంబర్లు కాగితం మీద రాసుకుంటే అప్పుడు కనపడింది. మౌస్ కామ్ 1లో ఉంది, మోడెమ్ కామ్ 3కి పెట్టి ఉంది. పేర్లు వేరు, పోర్టు అడ్రసులు వేరు, కానీ ఆ రెండింటికీ ఐఆర్‌క్యూ 4 ఒక్కటే. మోడెమ్ కార్డు పిన్నుల మీది చిన్న తొడుగు, అదే జంపర్, ఒక గడి జరిపి కామ్ 2 చేస్తే పని అయిపోయింది. బాగున్న రెండు మోడెమ్‌లని చెడిపోయాయని వెనక్కి పంపాను. ఆయన దగ్గర తీసుకున్న రెండు రోజులు నాకు ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి కాగితం లేకుండా కేబినెట్ తెరవలేదు.

నువ్వూ అలాగే చెయ్. 0 నుంచి 15 దాకా వరసగా నంబర్లు వేసుకో. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డివైస్ మేనేజర్‌కి వెళ్లు. అన్నిటికంటే పైనున్న ‘కంప్యూటర్’ అన్న మాట మీద రెండుసార్లు నొక్కితే ఏ నంబరు ఎవరిదో జాబితా వస్తుంది. పెన్సిల్‌తో ఎక్కించుకో. అక్కడే ఐవో పోర్టులు (ప్రాసెసర్ కార్డుతో మాట్లాడే అడ్రసులు), డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కార్డు నేరుగా మెమరీతో డేటా నడిపే దారి) కూడా ఉంటాయి, అవీ రాసుకో. తగువు ఎప్పుడూ ఐఆర్‌క్యూ దగ్గరే ఉండదు. ఈ పోర్టు అడ్రసులు హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో ఉంటాయి. నెట్‌వర్క్ కార్డు 320 దగ్గర మొదలైతే ముప్పై రెండు గడులు ఆక్రమించి 330 దాటి పోతుంది. సౌండ్ కార్డుకి సంగీత వాయిద్యాలు తగిలించే మిడీ పోర్టు ఉండేది సరిగ్గా 330లో. 300 దగ్గర మొదలుపెడితే ఆ గొడవ ఉండదు.

మెషీన్ ఆపి, ప్లగ్ గోడలోంచి పీకి, కేబినెట్ ఇనుము ఒకసారి తాకి అప్పుడు కార్డు తియ్యి. నెట్‌వర్క్ కార్డు మీద చిన్న పిన్నులూ వాటికి తొడిగిన నల్లటి జంపర్లూ ఉంటే పక్కనే నంబర్లు అచ్చు వేసి ఉంటాయి. ఐఆర్‌క్యూ 10కి మార్చు. అంచున బంగారు రంగు పళ్లు ఒకే వరస ముక్కగా పొట్టిగా ఉంటే అది ఎనిమిది బిట్ల కార్డు, దానికి 10, 11 తీగలు అందవు. అప్పుడు బయోస్‌లో, అంటే మెషీన్ లేవగానే తెరుచుకునే సెట్టింగుల పేజీల్లో, కామ్ 2 ఆపేసి దాని 3 ఈ కార్డుకి ఇవ్వాలి. జంపర్లు లేకపోతే కార్డుతో వచ్చిన ఫ్లాపీలో సెటప్ ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని విండోస్‌లో కాక డాస్‌లో, నల్ల తెర మీద నడపాలి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు తల్లీ. పాత కార్డు విషయంలో విండోస్‌లో నంబరు మారిస్తే కార్డు మారదు. మనం ఏం పెట్టామో విండోస్‌కి చెబుతున్నామంతే. ముందు కార్డు మీద మార్చి, తర్వాత డివైస్ మేనేజర్‌లో అదే నంబరు వెయ్యి.

బయోస్‌లో పీసీఐ, పీఎన్‌పీ పేజీ ఉంటుంది. అక్కడ 5, 10 రెండూ ‘లెగసీ ఐఎస్ఏ’కి కేటాయిస్తే వేరే కార్డులు వాటి జోలికి రావు. ‘రీసెట్ కాన్ఫిగరేషన్ డేటా’ ఒక్కసారి ఎస్ చేసి వదిలెయ్. ప్రింటర్ పోర్టు ఈసీపీ అనే వేగం మోడ్‌లో ఉంటే దాని డీఎంఏ 3 అని చూసుకో, 1 సౌండ్ కార్డుది. తారీఖు సరిగా లేకపోతే మాత్రం ఇవన్నీ దండగ. బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోయిందని అర్థం, పొద్దున పెట్టినవి సాయంత్రానికి చెరిగిపోతాయి. ముందు అది మార్చు.

ఇంత చేసినా డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన పసుపు గుర్తు పోకపోతే, విండోస్ మొదలయ్యే ముందు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి మళ్లీ డివైస్ మేనేజర్ తెరువు. ఎప్పుడో తీసేసిన కార్డుల పేర్లు, ఒకే కార్డు రెండు మూడుసార్లు అక్కడ బయటపడతాయి. వాటన్నిటినీ తీసెయ్, మళ్లీ ఆన్ చేస్తే ఉన్నవాటినే కనిపెట్టుకుంటుంది. ఏది మార్చినా ఒక్కటే మార్చి, పాట పెట్టి విని, కాగితం మీద రాసి, ఆ తర్వాతే ఇంకొకటి. పాట మొదటి ముక్కే తిరిగి తిరిగి వస్తుంటే ఇంకా ఐఆర్‌క్యూ కుదరలేదని లెక్క.

డీఎంఏ నంబర్లు చెప్పే డీ1, హెచ్5 లాంటివి కనిపించే ‘సెట్ బ్లాస్టర్’ అన్న వరస, మెషీన్ లేవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్లో ఉంటుంది, దాన్ని చెరపకు. సౌండ్ కార్డు నంబర్లు ఎప్పుడైనా మరిచిపోతే అక్కడే దొరుకుతాయి.

కార్డు రెండు వైపులా, నువ్వు రాసిన కాగితం, మూడు ఫోటోలు పంపు. చిప్ మీద అక్షరాలు చదవగలిగేలా తియ్యి. డ్రైవర్ ఫ్లాపీ కనపడకపోతే నాన్నగారి బీరువాలో కింది అరలో బిస్కెట్ల డబ్బా చూడు, నేనే అందులో పెట్టాను.

మీ బాబాయి