ఆ డైరీ ఎవరిది?

ఉత్తరం: నా వయసు 37. ఒక సంస్థలో అకౌంట్స్ చూస్తాను. నాన్న పోయేనాటికి నాకు 13 ఏళ్లు. అన్నయ్య చదువు మానేసి పనిలో చేరి నన్ను చదివించాడు. ఏటా జనవరి 1కి ఆయన నాకో డైరీ ఇస్తాడు. అందులో ఆ ఏడాది లక్ష్యాలు రాసి, ఫోన్‌లో ఆయనకు చదివి వినిపిస్తాను. ఈసారి ఐదు రాశాను: ప్రమోషన్ పరీక్ష, పది కిలోలు తగ్గడం, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం, సొంతిల్లు, నెలకో పుస్తకం. మార్చి దాటేసరికి ఒక్కటీ నిలవదు. ఏడేళ్లుగా ఇదే వరస. మా ఆవిడ నవ్వుతుంది. అన్నయ్య మాత్రం ‘సరేలే, వచ్చే ఏడాది చూద్దాం’ అంటాడు. తిట్టినా బాగుండేది. ఆదివారాలు మా పాపని ఈతకి తీసుకెళ్లి గట్టు మీద కూర్చుంటాను. నాకూ నేర్చుకోవాలని ఉంటుంది కానీ చిన్నప్పటినుంచీ నీళ్లంటే భయం. అయినా ఈ వయసులో అదొక లక్ష్యమా? లక్ష్యాలు పెట్టుకునే సరైన పద్ధతి ఏది? మంచి యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ ఏదైనా ఒకటే. దాని సంగతి వదిలేయండి.

పద్ధతి అంటారా, అది మీకు తెలియనిది కాదు. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలిచేలా ఉండాలి, గడువుండాలి అని మీ ఆఫీసులో కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ‘స్మార్ట్ గోల్స్’ అనే ఆ సూత్రాన్ని జార్జ్ డోరన్ అనే ఆయన 1981లో మేనేజర్ల కోసం రాశారు. SMART అనే ఇంగ్లీషు మాటలో ఒక్కో అక్షరం ఒక్కో నియమానికి గుర్తు. అందులో ‘ఎ’ అనే అక్షరానికి ఆయన చెప్పిన అర్థం ‘అసైనబుల్’, అంటే ఆ పని ఎవరికి అప్పగించాలో తేల్చుకోమని. కంపెనీకి అది సరిపోతుంది. పైవాళ్లు పని చెప్తారు, కిందివాళ్లు చేస్తారు. మీ ఐదు లక్ష్యాలు చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. ఎవరో అప్పగించిన పనుల్లాగే ఉన్నాయవి.

మీరు రాసింది ఐదు పేజీలు, పైన వేసింది కుదించి. మొత్తం ఉత్తరంలో ‘అన్నయ్య’ అన్న మాట పద్దెనిమిది సార్లు వచ్చింది. మీ ఆవిడ ఒక్కసారి వచ్చింది, అదీ నవ్వడానికి. ప్రమోషన్ వస్తే ఏం చేస్తారో ఒక్క ముక్క లేదు. సొంతిల్లు గురించి ‘అందరికీ ఉండాలి కదా’ అని వదిలేశారు. ఆ గట్టు గురించి మాత్రం పేజీన్నర ఉంది. నీళ్లలో పాదాలు పెట్టి వెంటనే తీసేయడం, పాప తల ముంచినప్పుడల్లా మీరు ఊపిరి బిగబట్టడం అన్నీ రాశారు. రాసేటప్పుడు మీ చేయి ఎక్కడ ఆగిందో చూసుకుంటే నాకు ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మార్చి దాటితే ఎందుకు నిలవవు అంటే, అది బద్ధకం కాదు. 1998లో కెనన్ షెల్డన్, ఆండ్రూ ఎలియట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే పరిశీలించారు. నాకు కావాలి అని పెట్టుకున్న లక్ష్యానికీ, పెట్టుకోకపోతే బాగుండదని పెట్టుకున్న లక్ష్యానికీ మొదట్లో ఉత్సాహం ఉంటుంది. గట్టిగా చేసేద్దామనే అనుకుంటాం. రోజులు గడిచాక శ్రమ కొనసాగేది మాత్రం మొదటి రకానికే. రెండో రకంలో మన వెనక బెత్తం పట్టుకుని ఎవరూ నిలబడరు. చేయకపోతే సిగ్గుగా, తప్పు చేసినట్టు ఉంటుంది కాబట్టి చేస్తాం. బయటికి అది పట్టుదలలాగే కనిపిస్తుంది. మనమే మోసపోతాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డైరీ ఇవ్వడం మీ అన్నయ్య ప్రేమ. మరి అందులో రాసింది చదివి వినిపించమని ఆయన అడిగాడా? ఐదు పేజీల్లో ఎక్కడా లేదు. అది మీరు మొదలుపెట్టిందే. ప్రోగ్రెస్ కార్డు పట్టుకెళ్లి అన్నయ్య చేత సంతకం పెట్టించుకున్న 13 ఏళ్ల పిల్లాడు 37 ఏళ్లొచ్చినా ఆ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆయన ‘సరేలే’ అన్నప్పుడల్లా మీకు ఫెయిలైనట్టు ఉంటోంది. నాకైతే ఆ మాటలో నిరాశ వినపడలేదు. ఏమనాలో తెలియక అన్న మాటలా ఉంది.

ఇది నాకెందుకు తగిలిందో కూడా చెప్తాను. నేనూ ఇంట్లో పెద్దదాన్నే. మా తమ్ముడు ఫోన్ చేసి ఆ నెలలో ఏమేం సాధించాడో వరసగా చెప్తాడు. వింటాను, బాగుందిరా అంటాను. వాడు రాత్రులు సరిగ్గా నిద్రపోతున్నాడా లేదా అన్నది నాకు కావాలి. అది చెప్పడు. లిస్టు అయిపోగానే ‘ఉంటానక్కా’ అని పెట్టేస్తాడు.

రుణం లేదని నేను అనడం లేదు. తోబుట్టువు చేసిన త్యాగం మర్చిపోయినవాళ్లని నేను మనుషుల్లో లెక్కపెట్టను. కానీ రుణం ఆ మనిషికి తీర్చాలి. ఆయన్ని మెప్పించడానికి పరీక్షలు రాసి కాదు. ‘అన్నయ్యకి మోకాళ్ల నొప్పులు, డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే వినడు’ అని నాలుగో పేజీలో రాశారు. వెళ్లమని చెప్పారు సరే, మీరు సెలవు పెట్టి తీసుకెళ్లారా? ఆయన చదువు మానేశాడన్నారు, ఏం చదువుతూ మానేశాడో రాయలేదు. ఆయనకి ఏమవ్వాలని ఉండేదో ఎప్పుడైనా అడిగారా? ఇన్నేళ్లూ మీ లక్ష్యాలు ఆయనకి వినిపించారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆయన మాట వినండి.

తర్వాత ఆ ఐదింటినీ ముందు పెట్టుకుని ఒక్కటే అడగండి: ‘ఇది చేసినట్టు అన్నయ్యకి ఎప్పటికీ తెలియకపోయినా చేస్తానా?’ అలా అడిగితే ప్రమోషన్ పరీక్ష ఆ లిస్టులోంచి పోతుందని నా అనుమానం. పోతే పోనివ్వండి. చేస్తున్న పని నచ్చి, వేళకి ఇంటికి రావడం నచ్చి అక్కడే ఉండిపోయేవాడు చేతకానివాడు కాదు. నెలకో పుస్తకం ఎవరు రాయించారో గానీ అది ముందు కొట్టేయండి. చదవాలనిపిస్తే లెక్క లేకుండా చదువుతారు. బరువు తగ్గమని డాక్టరే చెప్పి ఉంటే అక్కడ ఇష్టంతో పని లేదు, తగ్గాల్సిందే. ఇల్లు మీ ఒక్కరి డైరీలో రాసుకునే విషయం కాదు. మీ ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఇన్నాళ్లూ ఆవిడ ఎందుకు నవ్వుతోందో కూడా అప్పుడే తెలుస్తుంది.

నచ్చిన పనే చేయండి, మిగతావన్నీ వదిలేయండి అని నేనన్నట్టు ఎవరికైనా అనిపిస్తే, నేనది అనలేదు. పిల్ల చదువు, పెద్దవాళ్ల మందులు చూసుకోవాల్సిందే. వాటిని లక్ష్యాలని రాసుకుని మనల్ని మనం మెచ్చుకోవడం కూడా నాకు నచ్చదు.

ఇక ఈత. భయం ఉంది కాబట్టి అది నిజమైన కోరిక కాదేమో అని మూడుసార్లు రాశారు. భయపడుతూ కూడా ప్రతి ఆదివారం ఆ గట్టు మీదే కూర్చుంటున్నారు, ఇంకేం కావాలి? ‘ఈ ఏడాది ఈత నేర్చుకుంటాను’ అని మాత్రం రాయకండి. పీటర్ గోల్విట్జర్ అనే ఆయన 1999లో రాసిన ఒక మాట ఇక్కడ పనికొస్తుంది. ‘చేస్తాను’ అని ఊరుకోకుండా ‘ఫలానా సమయం రాగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడిపెట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుంది. మీకు ఆ సమయం వెతుక్కునే పని కూడా లేదు. పాప నీళ్లలోకి దిగగానే మీరు లేచి వెళ్లి పెద్దవాళ్లకి నేర్పేది ఎప్పుడో అడగండి. మీ భయం సంగతి నేర్పేవాళ్లకి మొదటి రోజే చెప్పేయండి. వాళ్లకిది కొత్త కాదు. లోతులేని చోట నిలబెట్టి, నీళ్లలో ముఖం పెట్టి గాలి వదలడంతో మొదలుపెడతారు. కొన్ని వారాలు అంతవరకే వచ్చినా ఫర్వాలేదు.

దీన్ని మటుకు ఫోన్‌లో చదివి వినిపించకండి. ఈసారి అన్నయ్య మీ ఇంటికొచ్చినప్పుడు ఎలాగూ మీ పాప చెప్పేస్తుంది.