మ్యూజియంల వల్ల ఒరిగేదేమిటి? నాగార్జునకొండ చూసిన పల్నాడు మనిషిగా నా జవాబు

పాత రాళ్లూ కుండ పెంకులూ దాచుకుంటే సమాజానికి ఏం ఒరుగుతుంది, ఆ డబ్బేదో బడులకు పెట్టొచ్చుగా అని ఒకరు అడిగారు. మాది నాగార్జునసాగర్ డ్యామ్ కుడి కాలువ కింద పండే ఊరు. అందుకే నాకు ముందు గుర్తొచ్చేది నాగార్జునకొండ.

మా పొలాలకు నీళ్లొచ్చాయంటే ఒక లోయ మునిగింది కాబట్టే. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది ఆ లోయలోనే. 1926లో రంగస్వామి సరస్వతి అక్కడి శిథిలాలను గుర్తించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాయి. నీళ్లు ముంచెత్తేలోగా, 1960 దాకా, లోయంతా గాలించారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొన్నిటిని కొండమీదా, ఒడ్డునున్న అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు దీవి. దానిమీద 1966లో మ్యూజియం తెరిచారు. రైతుబిడ్డగా చెబుతున్నా, ఆ నీళ్లు మాకు కావలసిందే. కానీ ఏం పోగొట్టుకుని వాటిని తెచ్చుకున్నామో పిల్లలకు చూపించే చోటు కూడా కావాలి. మునిగిన లోయ నమూనా ఒకటి ఆ మ్యూజియంలో ఉంది. ఏ విహారం, అంటే బౌద్ధ భిక్షువుల మఠం, ఎక్కడ ఉండేదో, ఏ చైత్యం, అంటే వాళ్ల పూజాస్థలం, ఎటువైపో దాని ముందు నిలబడితే తెలుస్తుంది. మా అబ్బాయి దాన్ని వదిలి ఒక పట్టాన కదల్లేదు.

మా అమ్మను కూడా తీసుకెళ్లాను. రాజులూ శాసనాలూ అంటే ఆవిడకు పెద్దగా పట్టదు. అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించిన చాంతిసిరి గురించి గైడు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ చాంతిసిరి ఇక్ష్వాకు రాజైన చాంతమూల మహారాజు తోబుట్టువు. ఆయన కొడుకు వీరపురుషదత్తుడికి తన కూతుర్నిచ్చింది. అమ్మ వెంటనే, "అయితే మేనరికమేగా! మనిళ్లల్లో లాగానే" అంది. పదిహేడు వందల ఏళ్ల కిందటి రాణివాసం ఆవిడకు ఒక్కసారిగా చుట్టాలిల్లు అయిపోయింది. ఆ తర్వాత ప్రతి స్తంభం దగ్గరా ఆగి, ఇదెవరు కట్టించారు, ఆడవాళ్లేనా అని అడుగుతూనే ఉంది. అక్కడి దాతల్లో రాచకుటుంబం ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. బోధిసిరి అనే ఉపాసిక, అంటే సంసారంలో ఉంటూనే బౌద్ధాన్ని పాటించే ఆవిడ, కట్టించినవాటికైతే ఒక శాసనమే ఉంది. పాఠ్యపుస్తకంలో ఇక్ష్వాకులకు దక్కేది ఒకటి రెండు పేరాలు. మా అమ్మ అడిగినలాంటి ప్రశ్న వాటిలోంచి ఎలా పుడుతుంది?

ఇంకో మాట. అమరావతి స్తూపం శిల్పాల్లో చాలా భాగం చెన్నైకీ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరిపోయాయి. అవి భద్రంగానే ఉన్నాయి, కాదనను. కానీ అమరావతి చుట్టుపక్కల కూలిపని చేసుకునే మనిషి తన బిడ్డకు వాటిని ఎప్పుడు చూపిస్తాడు? నాగార్జునకొండలో దొరికినవాటిలో చాలావరకు దొరికిన చోటికి దగ్గర్లోనే ఉండటం మా అదృష్టం. బడి డబ్బుకూ మ్యూజియం డబ్బుకూ పోటీ పెట్టొద్దని నేను అనేది ఇందుకే. మా ప్రాంతపు పిల్లలకు అది కూడా బడే.

వెళ్లాలనుకుంటే శుక్రవారం వద్దు, మ్యూజియానికి సెలవు. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి, ఆ రోజు నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి. తిరిగొచ్చాక ఓపికుంటే అనుపు కూడా చూడండి. అక్కడ తిరిగి కట్టిన రంగస్థలం మెట్లమీద పెద్దవాళ్లు హాయిగా కూర్చోవచ్చు.