డాక్టర్ సలహా: ఇంప్లాంట్లకు ఏ మత్తు అని అడిగే ముందు, మానేసిన ఆ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 57. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. పై పళ్లు దాదాపు అన్నీ కదులుతున్నాయి. అవి తీసేసి ఆరు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేళ్లు) వేయాలని, ఎముక తక్కువగా ఉంది కాబట్టి సైనస్ లిఫ్ట్ (సైనస్ పొరను పైకెత్తి కింద ఎముక నింపడం) కూడా చేయాలని చెప్పారు. మూడు నాలుగు గంటలు పడుతుందట. ఒక క్లినిక్‌లో లోకల్ ఇంజెక్షన్ చాలన్నారు, ఇంకోచోట సెడేషన్ (మగతగా ఉంచే మందు) ఇస్తామన్నారు, పెద్ద ఆస్పత్రిలో పూర్తి మత్తు మేలన్నారు. నాకు షుగర్, బీపీ ఉన్నాయి. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం ఎక్కువ పోతుందేమోనని రక్తం పలచబడే మాత్ర వారం నుంచి మానేశాను. నిద్ర పట్టక రోజూ రాత్రి సగం అల్ప్రాజోలం వేసుకుంటాను. గురక ఎక్కువని ఇంట్లో గొడవ. 2024లో జూబ్లీహిల్స్ డెంటల్ క్లినిక్‌లో ఒక యువకుడు చనిపోయిన వార్త చదివినప్పటి నుంచి భయంగా ఉంది. ఆ రోజు పొద్దున ఒక అల్ప్రాజోలం వేసుకుని వెళ్తే లోకల్‌తోనే గట్టెక్కవచ్చా? మూడింటిలో ఏది మంచిది?

జవాబు: మూడింటిలో ఏది అన్నది తర్వాత చూద్దాం. ముందు మీ గుండె డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఈ రోజే.

స్టెంట్ ఉన్నవాళ్లు ఆ మాత్రను సొంతంగా మానేయకూడదు. మీరు వాడేది ఆస్పిరినా, క్లోపిడోగ్రెలా, రెండూనా అన్నది రాయలేదు. పళ్లు తీయడానికి, ఇంప్లాంట్లకు మామూలుగా మేం ఆస్పిరిన్ ఆపించం. చిగుళ్ల నుంచి రక్తం కారితే గాజు గుడ్డ పెట్టి నొక్కుతాం, కుట్లు వేస్తాం, అవసరమైతే ఆ గుడ్డను రక్తం ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్‌తో తడిపి పెడతాం. అది కంటికి కనిపించే చోట కారే రక్తం. స్టెంట్‌లో గడ్డ కడితే ఎవరికీ కనిపించదు, నేరుగా గుండెపోటుగానే బయటపడుతుంది. మాత్ర మళ్లీ ఎలా మొదలుపెట్టాలో మీ కార్డియాలజిస్ట్ చెప్పాలి, మెడికల్ షాపులో అడిగే సంగతి కాదు. ఈలోగా ఛాతీలో బరువు, చెయ్యి లాగడం, చెమటలు, ఆయాసం లాంటివి వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక అల్ప్రాజోలం. నేను మత్తు డాక్టర్‌ని. రోజూ నాకు తలనొప్పి తెచ్చేది ఈ మాత్రే. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా మన ఊళ్లో ఎవరి పర్సులో చూసినా సగం విరిచిన స్ట్రిప్ ఒకటి ఉంటుంది. ఆపరేషన్ రోజు పొద్దున పేషెంట్ కళ్లు వాలుతుంటే అడుగుతాం. ‘ఏం వేసుకోలేదు సార్’ అంటారు. పక్కనున్న భార్య నేల చూపులు చూస్తుంది. అప్పటికే రక్తంలో అల్ప్రాజోలం ఉన్న మనిషికి నేను సెడేషన్‌కు వాడే మిడజోలం మామూలు మోతాదులో ఇస్తే, తేలికగా ఉండాల్సిన మత్తు లోతుకు వెళ్లిపోతుంది. శ్వాస నెమ్మదిస్తుంది. రోజూ వాడేవారిలో ఇంకో తిరకాసు ఉంది: కొందరికి మామూలు మోతాదు పనిచేయదు, ఎంత ఇవ్వాలో అంచనా దొరకదు. తెలంగాణలో కల్తీ కల్లులో ఇదే అల్ప్రాజోలం చాలాసార్లు పట్టుబడింది కాబట్టి కల్లు అలవాటు గురించి కూడా మేం అడుగుతాం. సిగ్గుపడకుండా చెప్పండి.

కాబట్టి ఆ రోజు పొద్దున సొంతంగా ఏ మాత్రా వద్దు. అలాగని రాత్రి వేసుకునేది రేపటి నుంచే ఠక్కున ఆపేయకండి. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొందరికి ఫిట్స్ వస్తాయి. రాసిన డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించాలి. ఎవరూ రాయకుండానే మొదలుపెట్టి ఉంటే, ఇప్పుడైనా ఒక డాక్టర్‌కు చూపించండి.

గురకను మీరు ఇంటి గొడవగా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో మత్తు విషయంలో ముఖ్యమైన ముక్క అదే. నిద్రలో గురక మధ్యలో ఆగి, కాసేపు శబ్దం లేక, మళ్లీ ఉలిక్కిపడ్డట్టు ఊపిరి తీసుకుంటున్నారా అని మీ ఆవిడను అడగండి. పగలు కూర్చున్న చోటే కునుకు పడుతోందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? బీపీ, 50 దాటిన వయసు, మగవాడు కావడం ఇప్పటికే లెక్కలో ఉన్నాయి. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిఆగి రావడం) ఉంటే సెడేషన్‌లో నాలుక వెనక్కి జారి గొంతు మూసుకునే ప్రమాదం ఎక్కువ. పైగా ఎముక వేడెక్కకుండా డ్రిల్లు మీద సెలైన్ పోస్తూనే ఉంటారు. ఆ నీళ్లు, రక్తం, ఊపిరి అన్నీ అదే దారిలో వెళ్లాలి, ఆ దారిలోనే సర్జన్ చేతులు కూడా ఉంటాయి. నిద్ర పరీక్ష ఇంట్లోనే చేయించుకోవచ్చు. ఇంప్లాంట్ ఎమర్జెన్సీ కాదు, కొన్ని వారాలు ఆగితే మునిగిపోయేదేమీ లేదు.

ఇప్పుడు మీ ప్రశ్న. లోకల్ ఇంజెక్షన్ మూడు పద్ధతుల్లోనూ ఉంటుంది. పూర్తి మత్తు ఇచ్చినా దవడకు లోకల్ ఇస్తారు, లేకపోతే లేచాక నొప్పి భరించలేరు. లోకల్ సరిగ్గా పట్టాక డ్రిల్లు శబ్దం, అదురు, ఒత్తిడి తెలుస్తాయి, నొప్పి తెలియకూడదు. తెలిస్తే చెయ్యెత్తండి, ఇంకొంచెం ఇస్తారు. లోకల్‌కు వాడే లిగ్నోకెయిన్‌లో సాధారణంగా గుండె వేగం పెంచే అడ్రినలిన్ కలిపి ఉంటుంది కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్లకు మొత్తం మోతాదు పరిమితంగా, మెల్లగా ఇవ్వాలి. అందుకే పై దవడ మొత్తం ఒకే రోజు చేయడం కంటే కుడి ఒకసారి, ఎడమ ఒకసారి చేయవచ్చేమో మీ సర్జన్‌ను అడగండి.

సెడేషన్‌లో మగతగా ఉంటారు, పిలిస్తే పలకాలి. పలకడం మానేశారంటే మోతాదు దాటిందని అర్థం. పూర్తి మత్తులో సాధారణంగా ముక్కులోంచి గొట్టం వేసి శ్వాస మేమే నడిపిస్తాం. చెంప ఎముకలోకి దింపే జైగోమాటిక్ ఇంప్లాంట్లకు, తుంటి నుంచి ఎముక ముక్క తీసి దవడకు అతికించే కేసులకు అదే ఎక్కువగా ఎంచుకుంటారు. సైనస్ లిఫ్ట్, ఆరు ఇంప్లాంట్లకు అంత అవసరం చాలామందికి రాదు.

మీ కాగితాలు చూడలేదు కాబట్టి తుది మాట పీఏసీ (మత్తుకు ముందు చేసే) చెకప్ చేసే మత్తు డాక్టర్‌దే. మీరు రాసినదాన్ని బట్టి నేనైతే లోకల్‌తో, రెండు విడతలుగా మొదలుపెట్టమంటాను. భయం తట్టుకోలేకపోతే తేలికపాటి సెడేషన్, అదీ ఐసీయూ ఉన్న ఆస్పత్రిలో. స్లీప్ ఆప్నియా తీవ్రంగా తేలి, పని కూడా ఒక్క విడతలోనే తప్పదంటే, డెంటల్ కుర్చీలో లోతు సెడేషన్ కంటే ఆపరేషన్ థియేటర్‌లో గొట్టం వేసి ఇచ్చే పూర్తి మత్తే నాకు నిశ్చింత.

జూబ్లీహిల్స్ కేసులో మత్తు ఎక్కువైందని కుటుంబం ఆరోపించిన సంగతి నేనూ పేపర్లోనే చదివాను, దాని మీద వ్యాఖ్యానించను. ఎక్కడ చేయించుకున్నా ఒక్కటి అడగండి: మత్తు ఇచ్చేదెవరు? ఇంప్లాంట్ వేసే డాక్టరే మత్తు కూడా చూసుకుంటానంటే సెడేషన్ వద్దని చెప్పేయండి. మీ శ్వాసను చూడటమే పనిగా ఒక మనిషి ఉండాలి. ఆక్సిజన్, నోట్లోని నీళ్లు, రక్తం లాగేసే సక్షన్, పల్స్ ఆక్సీమీటర్, ఈసీజీతో పాటు క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపే యంత్రం) ఉందా అని అడగండి. ఆక్సీమీటర్‌లో అంకె పడిపోయేలోపే శ్వాస తగ్గిన సంగతి క్యాప్నోగ్రాఫ్‌లో తెలుస్తుంది. 1889లో నిజాం ఖర్చుతో మన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో పనిచేసిన, అప్పటి మత్తుమందు క్లోరోఫాంను పరీక్షించిన క్లోరోఫాం కమిషన్ కూడా శ్వాస మీద కన్నేయమనే చెప్పింది. గుండెకు ప్రమాదం లేదన్న వాళ్ల మాట తర్వాత తప్పని తేలింది గానీ ఆ మొదటి సలహా నేటికీ చెల్లుతుంది. ప్యాకేజీ రేటు గురించి అరగంట బేరమాడేవాళ్లు ఇవేవీ అడగరు, అదే నా బాధ.

షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే పరగడుపున చేసే ఆపరేషన్లకు 3 రోజుల ముందు ఆపిస్తాం. ఆపిస్తాం అంటున్నాను, మీరే ఆపుకోమనడం లేదు. షుగర్‌కు, బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ వాడుతుంటే తప్పక చెప్పండి, దాంతో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8 దాటి ఉంటే ముందు అది దించుకోండి, లేకపోతే ఇంప్లాంట్ ఎముకకు సరిగా పట్టకపోవచ్చు. సెడేషన్‌కైనా, పూర్తి మత్తుకైనా తేలికపాటి తిండి తిని 6 గంటలు, నూనె, మాంసం తిని 8 గంటలు కావాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు పోసిన చాయ్ మాకు తిండి కిందే లెక్క, ఒక్క కప్పే అన్నా కుదరదు.

చెకప్‌కు వెళ్లేటప్పుడు స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, ఈ మధ్య తీసిన ఈసీజీ, ఎకో, వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి. ‘తెల్లది, చిన్నది’ అంటే మాకు అర్థం కాదు. సెడేషన్ తీసుకుంటే ఇంటికి తీసుకెళ్లడానికి పెద్దవాళ్లెవరైనా వెంట ఉండాలి. 24 గంటలు బండి నడపకూడదు, ఆ రాత్రి అల్ప్రాజోలం వేసుకోవాలా వద్దా అన్నది మత్తు డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి.