మదర్సాకి కంప్యూటర్ వచ్చింది, క.సా.గు. రాలేదు

మీరు అడిగినవి రెండు. మదర్సాల్లో సంస్కరణ అంటే సైన్సూ కంప్యూటరూ పెట్టడమేనా అన్నది ఒకటి. మీ అక్కగారి అబ్బాయికి పదకొండేళ్లు, ఐదో తరగతి అయింది, బడి మానిపించి ఖురాన్ మొత్తం కంఠస్థం చేయించే హిఫ్జ్‌లో వేద్దామంటున్నారు, ఏం చేయాలి అన్నది రెండోది. నేను హిఫ్జ్ చేయలేదు. మత పండితుల్ని తయారుచేసే ఆలిమ్ కోర్సు చదివాను, హాస్టల్లో ఉండి, ఎనిమిదేళ్లు. తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టి, ఇంటర్, డిగ్రీ చేసి ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ముందు మొదటిదాని గురించి చెప్తాను.

నేను చేరేటప్పటికి నాకు పన్నెండేళ్లు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ వింటే సగం అర్థమయ్యేది, చదవడం రాదు. మొదటి ఏడాది చేతికిచ్చిన పుస్తకం మీజాన్. అరబ్బీ క్రియల రూపాలు నేర్పే పుస్తకం, కానీ రాసింది ఫార్సీలో. ఆ ఫార్సీని ఉస్తాద్, అంటే మా గురువు, ఉర్దూలో చెప్పేవారు. ఆ ఉర్దూని నేను మనసులో తెలుగులోకి తిప్పుకోవాలి. అరబ్బీ దగ్గరికి వెళ్లాలంటే మధ్యలో ఎక్కాల్సిన మెట్లు రెండు, రెండూ నాకు రానివే. ఫఅల, ఫఅలా, ఫఅలూ అంటూ పధ్నాలుగు రూపాలు ఊగుతూ బట్టీ పట్టేశాను. వాటి అర్థం మాత్రం చాలా నెలలు తెలియదు. ఒకరోజు పై తరగతి అన్న ఒకతను నా నోట్‌బుక్ లాక్కుని, పక్కన తెలుగులో రాసిచ్చాడు: అతను చేశాడు, వాళ్లిద్దరూ చేశారు, వాళ్లందరూ చేశారు. అంతే. పదిహేను నిమిషాల పని. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

నేను చూసిన మొదటి సంస్కరణ అదే. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

మార్పు అనగానే మతం మీద చెయ్యి వేస్తున్నట్టు ఉలిక్కిపడేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకి చరిత్ర చెప్తే కాస్త మెత్తబడతారు. మన దేశంలో ఎక్కువ మదర్సాలు చెప్పే దర్సె నిజామీ ఆకాశం నుంచి దిగింది కాదు. లక్నోలోని ఫరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ కూర్చిన పాఠ్యక్రమం అది. ఆయన 1748లో పోయారు. ఒక్కో శాస్త్రంలో కష్టమైన పుస్తకాలు ఏరి, వాటిని నమిలి మింగగలిగితే మిగతావన్నీ విద్యార్థి తనంతట తానే చదువుకుంటాడన్నది అందులోని ఆలోచన. తర్కం, తత్వం ఎక్కువ పెట్టడం కూడా ఆ కాలం అవసరమే, కొలువుల్లోకి చదువుకున్నవాళ్లు కావాలి కాబట్టి. 1866లో మొదలైన దేవ్‌బంద్ మదర్సా హదీసుకి, అంటే ప్రవక్త మాటలకీ చేతలకీ, పెద్దపీట వేసింది. తరగతులు, ఏటా పరీక్షలు, జీతం ఇచ్చే ఉస్తాద్‌లు, ప్రజల చందాలు, ఈ పద్ధతంతా ఇంగ్లీషు కాలేజీలను చూసి తెచ్చుకున్నదే. తర్వాత లక్నోలోని నద్వా మదర్సా వాళ్లు ఇదీ చాలదని వాడుకలో ఉన్న అరబ్బీని లోపలికి తెచ్చారు. మన పెద్దవాళ్లు ఎవరి కాలంలో వాళ్లు మార్చుకుంటూనే వచ్చారు. ఆగిపోయింది మనమే.

ఆగిపోవడమంటే ఎలా ఉంటుందో ఒక పాఠం చెప్తాను. ఖుదూరీ అని ఫిఖ్హ్ (మత ధర్మశాస్త్రం) పుస్తకం, రాసి వెయ్యేళ్లు కావస్తోంది. శుభ్రత అధ్యాయంలో బావి గురించి వస్తుంది. బావిలో ఎలుక పడి చస్తే ఇరవై నుంచి ముప్పై చేదల నీళ్లు తోడిపోయాలి, కుక్కో గొర్రో పడి చస్తే మొత్తం తోడేయాలి. మా తరగతిలో ఒకడు చెయ్యెత్తి, ‘ఉస్తాద్, మన మిద్దె మీద ట్యాంకులో పడితే?’ అన్నాడు. అందరం నవ్వాం. ఉస్తాద్ నవ్వలేదు. ‘ఇబారత్ చదువు’ అన్నారు, అంటే పుస్తకంలో ఉన్న వాక్యం చదువు అని. వాడు చదివాడు. వాడు ఆ ఏడాదంతా మళ్లీ చెయ్యెత్తలేదు.

రెండేళ్ల తర్వాత ఇంకో ఉస్తాద్ వచ్చారు. మాటల్లో ఆ ట్యాంకు ప్రశ్న ఎవరో మళ్లీ తెచ్చారు. ఆయన పుస్తకం మూసేశారు. అసలు చేదలు ఎందుకు లెక్కపెట్టారు, నిలవ నీటికీ పారే నీటికీ తేడా ఏంటి, ఎంత నీళ్లుంటే ఎక్కువ నీళ్లంటారు, ఈ మూడూ బోర్డు మీద రాసి, ఇప్పుడు ట్యాంకు దేనిలోకి వస్తుందో మీరే చెప్పండన్నారు. గంటసేపు కొట్లాడుకున్నాం. చివరికి ఆయన తీర్పు ఏంటో నాకు గుర్తులేదు, నిజం. ఆ గంట మాత్రం గుర్తుంది. పుస్తకం అదే, విషయం అదే. ఒక్క సైన్సు పాఠం కూడా అదనంగా చేరలేదు.

అందుకే ‘సిలబస్‌లో ఏం కలపాలి’ అన్న చర్చ వినగానే నాకు సగం ఆసక్తి పోతుంది. ఎలా చెప్తున్నారన్నది అడగరు. చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఆరు వందల ఏళ్ల కిందటే మొత్తుకున్నాడు, సంక్షిప్త గ్రంథాలు మరీ ఎక్కువై చదువు పాడవుతోందని, పిల్లల్ని కఠినంగా అదిలిస్తే వాళ్లు అబద్ధాలకీ నటనకీ అలవాటు పడతారని. ఆయన మాట మన ఉస్తాద్‌లకి తెలియనిది కాదు.

లెక్కల సంగతికి వస్తాను, అది నా సొంత పొలం కదా. మా మదర్సాలో లెక్కలు లేవు. కానీ పై తరగతిలో సిరాజీ ఉంది, వారసత్వ పంపకాల పుస్తకం. సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు. భిన్నాలు రాకుండా ఈ పుస్తకం చదవడమంటే ఈత రాకుండా చెరువు వర్ణన చదవడం లాంటిది. మేం జవాబులే బట్టీ పట్టేవాళ్లం.

ఆ ఏడాది దగ్గర్లోని ప్రభుత్వ బడి నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఊరికే వచ్చి చెప్తానన్నారు. ఆయన ముస్లిం కాదు, మా పెద్ద మౌలానాకి స్నేహితుడు. మొదటి రోజు ఆయన పాఠ్యపుస్తకం తేలేదు. ‘మీ పుస్తకంలో ఏదో ఒక లెక్క చెప్పండి’ అన్నారు. మేం చెప్పింది ఇదీ: ఒకామె చనిపోయింది, పిల్లలు లేరు, తల్లిదండ్రులు లేరు, భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు ఉన్నారు. భర్తకి సగం. అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు. మాస్టారు బోర్డు మీద రెండు, మూడుకి క.సా.గు. ఆరు అని రాసి, మూడు ప్లస్ నాలుగు, ఏడు బై ఆరు అని ఆగిపోయారు. ‘ఆస్తి ఒకటే కదయ్యా, పంచితే ఒకటి దాటిపోతోందేంటి?’ అన్నారు. ఆయన ముఖం చూసి మాకు ఎంత సంబరమో. మాకు జవాబు తెలుసు. ఆరుని ఏడు చేసేయాలి, భర్తకి ఏడింట మూడు, అక్కచెల్లెళ్లకి తలా రెండు. దాన్ని ఔల్ అంటారు, రెండో ఖలీఫా ఉమర్ కాలంలో తేల్చిన పద్ధతి. ఎందుకు ఏడు అన్నది మాత్రం ఆ రోజే అర్థమైంది, అందరి వాటా ఒకే నిష్పత్తిలో తగ్గుతుందని మాస్టారు గీసి చూపించాక. ఆయన మా దగ్గర ఔల్ నేర్చుకున్నారు, మేం ఆయన దగ్గర భిన్నాలు.

ఆ తర్వాత ఏడాది కంప్యూటర్లు వచ్చాయి, నాలుగు. రిబ్బన్ కట్, ఫొటోలు, లడ్డూలు. గదికి తాళం. తాళంచెవి ఆఫీసులో. నేను కోర్సు ముగించి బయటికి వచ్చేదాకా వాటిని ముట్టుకున్నది రెండుసార్లు. నేర్పే మనిషికి జీతం ఎవరూ ఆలోచించలేదు. మాస్టారు మాత్రం ఆరోగ్యం బాగున్నన్నాళ్లూ సైకిల్ మీద వచ్చేవారు.

జీతం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. సంస్కరణ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఉస్తాద్ జీతం ఊసెత్తరు. కొత్త పద్ధతిలో చెప్పమంటారు, శిక్షణ ఎక్కడా ఇవ్వరు. బడి టీచరుకి బీఈడీ ఉంది. ఉస్తాద్ నిన్నటిదాకా విద్యార్థి, ఇవాళ తరగతిలో నిలబడ్డాడు. తను ఎలా నేర్చుకున్నాడో అలాగే చెప్తాడు, ఇంకేం చెప్తాడు? ఆ రోజు ‘ఇబారత్ చదువు’ అన్న ఉస్తాద్ మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఆయనకి పొద్దున ఫజ్ర్ నుంచి రాత్రి ఇషా తర్వాతి దాకా డ్యూటీ.

సర్టిఫికెట్ బాధ ఇంకో కథ. ఎనిమిదేళ్ల చదువు తర్వాత నా సనద్, అంటే మదర్సా ఇచ్చిన సర్టిఫికెట్, పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే, అక్కడి గుమాస్తా ముందూ వెనకా తిప్పి చూసి ‘టెన్త్ ఉందా?’ అన్నాడు. లేదు. ఇరవై ఏళ్లు దాటాక పదో తరగతి కూర్చుని రాశాను. కొన్ని కేంద్ర విశ్వవిద్యాలయాలు గుర్తింపు పొందిన మదర్సాల సనద్‌ని ఒప్పుకుంటాయి, అలీగఢ్‌లోనూ హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ బ్రిడ్జ్ కోర్సులు పెట్టారు. మాకు చెప్పినవాళ్లు లేరు. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా చట్టాన్ని నిలబెడుతూనే, కామిల్, ఫాజిల్ అనే పై చదువుల డిగ్రీలిచ్చే భాగం యూజీసీ చట్టానికి పొసగదని కొట్టేసింది. ఆ తీర్పు సరైనదనే నా అభిప్రాయం. డిగ్రీ అని పేరు పెట్టి, బయట చెల్లని కాగితం పిల్లల చేతికివ్వడం కన్నా అది నయం.

బయట జరిగే గొడవకీ లోపలి లెక్కకీ పొంతన ఉండదు, అదీ గుర్తుంచుకోండి. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలో చదివేది 3 శాతం అని 2006లో, ముస్లింల స్థితిగతుల మీద కేంద్రం వేసిన సచార్ కమిటీ తేల్చింది. మిగతావాళ్లు అందరిలాగే బడికి వెళ్తున్నారు, లేదా మానేస్తున్నారు.

ఇక మీ అక్కగారి అబ్బాయి. హిఫ్జ్ చేయించొద్దని నేను అనను, ఖురాన్ గుండెలో పెట్టుకున్నవాడికి ఇంట్లో ఉండే గౌరవం వేరు. బడి మానిపించొద్దని మాత్రం గట్టిగా అంటాను. కేరళలో చూడండి, అక్కడి పిల్లలు బడి టైముకి ముందో తర్వాతో మదర్సాకి వెళ్తారు, రెండూ నడుస్తాయి. 1951లో పెట్టిన ‘సమస్త’ అనే మదర్సా బోర్డు ఇదంతా ఒక పద్ధతిలో నడుపుతోంది. మీ దగ్గర అలాంటిది లేకపోతే, హిఫ్జ్‌తో పాటు ఓపెన్ స్కూల్ కట్టించే మదర్సా వెతకండి. హిఫ్జ్‌కి మూడేళ్లు అనుకుంటారు, నాలుగైదు పడుతుంది. అప్పటికి పదహారేళ్లు. ఆ వయసులో ఆరో తరగతిలో కూర్చోమంటే సిగ్గుతో కూర్చోడు, ఇది నేను చాలామందిలో చూశాను.

చేర్చే ముందు బావగారిని ఒక పూట అక్కడ కూర్చోమనండి. ఆఫీసులో కాదు, తరగతిలో. కొత్త సబఖ్ (ఆ రోజు పాఠం) అప్పజెప్పేటప్పుడు తప్పు చెప్పిన పిల్లాడితో ఉస్తాద్ ఎలా మాట్లాడుతున్నారో చూడమనండి. చేతిలో బెత్తం ఉందా లేదా చూడమనండి. కిందటి ఏడాది హిఫ్జ్ పూర్తి చేసిన ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి, వాళ్లు ఇప్పుడు ఏం చదువుతున్నారో కనుక్కోమనండి. నంబర్లివ్వడానికి తటపటాయిస్తే అక్కడి నుంచి వచ్చేయమనండి. కంప్యూటర్ గది చూపిస్తామంటే, చూడొచ్చు, తాళం తీయడానికి ఎంతసేపు పడుతుందో గమనించమనండి.