కెమెరా కొనండి, కానీ ముహూర్తాలు లేని నెలల లెక్క ముందు వేసుకోండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కరీంనగర్‌లో పెళ్లి వీడియోలు తీస్తాను. స్టూడియో కెమెరాతో తీస్తే రోజుకు 6,000, సొంత కెమెరా ఉంటే 9,000 ఇస్తారు. ఏడాదికి 80 రోజులు పని ఉంటుంది. కొత్త సోనీ ఏ7 ఫోర్ బాడీ (లెన్స్ లేని కెమెరా), ఖరీదైన లెన్స్ కలిపి 4 లక్షలు అవుతోంది. నా దగ్గర 1,60,000 ఉంది. మిగతాది 14 శాతం వడ్డీకి 24 నెలల లోన్ తీసుకోవచ్చా? తెలిసినాయన ఇదే మోడల్, వాడిన బాడీ 1,35,000కు ఇస్తానంటున్నారు.

జవాబు: మీ కెమెరా సంపాదించేది రోజుకు 9,000 కాదండీ, 3,000 మాత్రమే. మిగతా 6,000 మీ చేతిపనికి ఇప్పటికే వస్తోంది. 80 రోజులకు 2,40,000. మీరడిగిన 2,40,000 లోన్‌కు కిస్తీ నెలకు 11,500, ఏడాదికి 1,38,000. ఏడాది మొత్తం మీద చూస్తే గిట్టుబాటే. చిక్కంతా నెలల్లో ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే ఇంకొన్ని వారాలు ఖాళీ. చేతిలో ఉన్నదంతా షాపులో కట్టేస్తే ఆ నెలల్లో కిస్తీకి అప్పు చేయాల్సి వస్తుంది. నాకున్న భయం అదే.

పైగా మెమరీ కార్డులు, హార్డ్‌డిస్కుల ఖర్చు మీరు రాయలేదు. ఈ కెమెరాలో మంచి నాణ్యతకు 4కే, 10 బిట్, సెకనుకు 25 ఫ్రేములు, 140 మెగాబిట్స్ పెట్టి తీస్తే గంటకు 63 జీబీ పడుతుంది. రాత్రంతా సాగే పెళ్లికి ఎంతవుతుందో మీకే తెలుసు. రెండో కాపీ లేకుండా పెళ్లి ఫుటేజీ ఉంచకూడదు కూడా.

అందుకే నేనైతే వాడిన బాడీనే తీసుకోమంటాను. 2021లో వచ్చిన మోడల్ ఇది, కొత్తది కొన్నా ధర త్వరగా పడిపోతుంది. మంచి లెన్స్ విలువ అంత త్వరగా తగ్గదు, రేపు బాడీ మార్చినా అదే మౌంట్ (లెన్స్ బిగించే అమరిక) ఉంటే పనికొస్తుంది. ట్యామ్రాన్ 28-75 జీ2 లాంటి లెన్స్‌కు 80,000, కార్డులు, డిస్కులు, అదనపు బ్యాటరీలకు 25,000 అనుకుంటే మొత్తం 2,40,000. మీరు 90,000 పెట్టండి, 1,50,000 లోన్ తీసుకోండి. కిస్తీ 7,200 అవుతుంది. బ్యాంకులో మిగిలే 70,000తో తొమ్మిది నెలల కిస్తీలు కట్టొచ్చు. ఆ డబ్బును దేనికీ కదపకండి.

షటర్ కౌంట్ (ఎన్ని ఫోటోలు తీశారో చెప్పే లెక్క) తక్కువని వాడిన బాడీని నమ్మకండి, వీడియో తీస్తే అది పెరగదు. గంటసేపు ఆపకుండా రికార్డు చేసి వేడి చూడండి. బయటి స్క్రీన్‌కు కలిపే హెచ్‌డీఎంఐ పోర్టు వదులుగా ఉందేమో, రెండు కార్డు స్లాట్లూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించండి. అసలు బిల్లు మీద సీరియల్ నంబరు కలవకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

లోన్ కోసం ముందు మీ ఖాతా ఉన్న బ్యాంకులో ముద్ర (చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన లోన్ పథకం) గురించి అడగండి. 50,000 నుంచి 5 లక్షల దాకా అందులోని కిశోర్ అనే విభాగం కింద తాకట్టు లేకుండా ఇస్తారు. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, అది చేయించుకుని వెళ్లండి. వడ్డీ 14 కంటే తక్కువ వస్తే అదే తీసుకోండి.