రిమోట్ కాలర్: ముందు తాడు, తర్వాతే మీట

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. 14 నెలల మగ ల్యాబ్రడార్‌ను పెంచుతున్నాం. గొర్ల మంద కనిపిస్తే ఎంత పిలిచినా ఆగదు. ఆన్‌లైన్‌లో రిమోట్ కాలర్ (చేతిలోని మీట నొక్కితే కుక్క మెడకు కరెంటు షాక్ ఇచ్చే పట్టీ) తెప్పించి, మంద వెంట పడ్డప్పుడు షాక్ అంకె 60 మీద పెట్టి నొక్కితే కుయ్యోమని అరిచి ఇంటికి ఉరికింది. ఇప్పుడు కాలర్ చూస్తేనే మంచం కింద దూరుతోంది. ఏం చేయాలి?

జవాబు: రెండు వారాలు రిమోట్‌ను బీరువాలో పెట్టండి. ఈ కాలర్ కొత్తగా ఏమీ నేర్పదు. తాడుతో నేర్చుకున్న మాటను దూరం నుంచి గుర్తుచేస్తుంది, అంతే. 'రా' అంటే ఏమిటో గట్టిపడకముందే మీ కుక్కకు దెబ్బ తగిలింది. ఎందుకు తగిలిందో దానికి తెలియదు. ఆ క్షణంలో ఎదురుగా గొర్రె ఉంది కాబట్టి నొప్పి దానివల్లే అనుకోవచ్చు. అలా అనుకున్న కుక్క ఒక్కోసారి గొర్రెను కరవడానికే పోతుంది. మీది ఇంటికి ఉరకడం నయమే.

ఈ రెండు వారాలూ ఛాతీ బెల్టుకు 10 మీటర్ల తాడు కట్టండి. ఒక్కసారే 'రా' అనండి. కదలకపోతే తాడును మెల్లగా లాగండి, రాగానే చికెన్ ముక్క పెట్టండి. స్విచాఫ్ చేసిన కాలర్‌ను మొదట అన్నం గిన్నె పక్కన ఉంచండి. భయం తగ్గాక తినేటప్పుడు, తిప్పేటప్పుడు మెడకు కట్టండి.

ఎక్కువమంది తప్పు చేసేది బిగింపులో. కాలర్ మెడ పైభాగంలో, చెవుల కిందుగా ఉండాలి. పట్టీ కింద ఒక వేలు పట్టాలి. షాక్ ఇచ్చే రెండు లోహపు మొనలూ చర్మానికి ఆనాలి. ల్యాబ్రడార్‌కు లోపలి బొచ్చు దట్టం కాబట్టి పొడవు మొనలు వేయండి. వదులైతే ఒకసారి తగలదు. తగల్లేదని అంకె పెంచుతాం, మరుక్షణం మొన ఆనిందంటే కుక్క ఎగిరిపడుతుంది.

తర్వాత, ఇంటి దగ్గర ప్రశాంతంగా ఉన్నప్పుడు సున్నా నుంచి ఒక్కొక్క అంకే పెంచండి. ఈగ వాలినట్టు చెవి కదిలినా, తల తిప్పినా అక్కడే ఆగండి. అదే దాని స్థాయి. అరిస్తే, తోక ముడిస్తే ఎక్కువైనట్టే. అంకెలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు. మూడు నాలుగు మెట్లే ఉన్న చవక కాలర్లు ఈ పనికి అసలు వద్దు.

ఇక తాడు చేతిలో ఉంచుకొని 'రా' అంటూ ఆ స్థాయిలో మీట నొక్కి, తాడుతో దారి చూపండి. మీవైపు తిరిగిన క్షణమే వేలు తీసేయండి. కుక్కకు పాఠం అక్కడే ఉంది, ఆలస్యమైతే పాఠం పోయినట్టే. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు చాలు. నిలకడ వచ్చాక ముందు మాట, వినకపోతేనే మీట. గొర్ల మంద అన్నిటికన్నా చివర. కాపరికి చెప్పి, చాలా దూరం నుంచి, తాడు మీదే మొదలుపెట్టండి.

అప్పటికీ మంచం కిందే దాక్కుంటే కాలర్ మానేయండి, పొడవు తాడుతోనే సాధన చేయండి. కరిచే కుక్కకు, పిరికి కుక్కకు ఇది వాడకూడదు. వేల్స్‌లో 2010 నుంచే వీటిపై నిషేధం ఉంది. అమెరికాలో జంతు ప్రవర్తన వైద్యుల సంఘం కూడా వీటిని వద్దనే అంటుంది.

ప్రశ్న: మా కుక్క మెడకు రెండు చోట్ల పుండ్లు పడ్డాయి. కరెంటుకు కాలిందా?

జవాబు: సాధారణంగా కాదు. మొనల ఒత్తిడి, చెమ్మ కలిసి చేసే పని. రాత్రి కాలర్ తీసేయండి, పగలు గంటకో రెండు గంటలకో జరుపుతుండండి, మొనలు కడగండి. బావిలో ఈదించాక మెడ ఆరకుండా కట్టకండి. చీము ఉంటే పశువైద్యుడికి చూపించండి, పూర్తిగా మానేదాకా కాలర్ వద్దు.